పంటికి పెట్టిన సిమెంటు పేరు చీటీలో రాయాలి

సంపాదకుడికి,

ఏడాదిన్నర కిందట అనంతపురంలోని ఒక క్లినిక్‌లో మా అమ్మాయి దవడ పన్నుకు సిమెంటు పెట్టించాం. ఆరేళ్లప్పుడు వచ్చిన పన్ను అది, ఊడితే మళ్లీ రాదు. మొన్న రాత్రి పోటుకు తాళలేక ఏడుస్తుంటే ఫోను లైటు వేసి చూశాను. సిమెంటు చెక్కుచెదరలేదు. దాని అంచు వెంబడి మాత్రం పెన్సిలుతో గీసినట్టు సన్నని గోధుమరంగు గీత. మర్నాడు మరో డాక్టరు అక్కడ సూది ఆనించగానే మొన లోపలికి దిగింది. సిమెంటు కిందే పన్ను మళ్లీ పుచ్చింది.

పాప సరిగ్గా తోముకోలేదని ఇంట్లో అందరూ అన్నారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఏ సిమెంటు పెట్టారని ఆ డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. పాత చీటీలో ఫిల్లింగ్ అన్న మాట, పక్కన డబ్బుల లెక్క, అంతే. ఆరోజు మమ్మల్ని అడిగింది కూడా తెల్లదా, వెండిదా అనే.

తెల్లవన్నీ ఒకటి కావు. కాంపోజిట్ పంటి రంగులో కలిసిపోతుంది, గట్టిగా ఉంటుంది. అయితే దాని మీద పాచి త్వరగా పేరుకుంటుంది, నునుపు చేయకుండా వదిలేస్తే మరీను. గట్టిపడేటప్పుడు అది రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. అంచున సందు ఏర్పడితే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి క్రిములు అందులో చేరి, తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. గ్లాస్ అయోనోమర్ కూడా తెల్లగానే ఉంటుంది. అది పంటికి రసాయనికంగా అతుక్కుని, పన్ను పుచ్చకుండా సాయపడే ఫ్లోరైడును కొద్దికొద్దిగా వదులుతుంది. నమిలే ఒత్తిడికి త్వరగా అరగడం దాని లోపం. వెండి సిమెంటు ఎక్కువ కాలం మన్నుతుంది కానీ అందులో దాదాపు సగం పాదరసమే.

ఫ్లోరైడు అంటే మన జిల్లాలో భయం సహజం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగి పళ్లు మచ్చలు పడినవాళ్లను, ఎముకలు వంగినవాళ్లను చూశాం. సిమెంటు నుంచి వచ్చేది దానితో పోల్చలేనంత స్వల్పం. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

గ్లాస్ అయోనోమర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో అది ఎప్పుడూ నిల్వ ఉండాలి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా, పంటికి ఏ సిమెంటు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, మళ్లీ అంచులు చూపించుకోవడానికి ఎప్పుడు రావాలో చీటీలో తెలుగులో రాసివ్వాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆదేశించాలి.

– ఒక తల్లి, అనంతపురం