టాపు తీసిన కారుకు లాగుడు ఏది?

మ్యూనిక్,
సెప్టెంబరు 14

మావయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసాగా ఉన్నాం. అత్తయ్య మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది. తగ్గింది కదా అని వ్యాయామం మానేయవద్దని చెప్పండి. నా మాట వినదు గాని మీ మాట వింటుంది.

మొన్న ఫోనులో, మేము అద్దెకు తీసుకున్న టాపు తీసే కారు గురించి మీ అల్లుడు "స్పోర్ట్స్ కారని పేరే గాని లాగుడు లేదు మావయ్యగారూ" అనగానే మీరు "కంప్రెషన్ చూపించమనండి, పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటాయి" అన్నారు. ఇంతలో ఎవరో మీ షెడ్డుకు రిపేరుకని లారీ తెచ్చారు, మాట అక్కడితో ఆగిపోయింది. మిగతాది కాగితం మీద పెడుతున్నాను. ఇందులో ఇంకో సుఖం ఉంది, మధ్యలో మీ అల్లుడు అడ్డు తగలడు.

ఆ బండికి ఏ రోగమూ లేదు మావయ్యా. అది మాజ్దా ఎంఎక్స్-5 అనే చిన్న జపాను కారు. రెండే సీట్లు, గుడ్డ టాపు. సీట్లో కూర్చునే ఒక చేత్తో టాపును వెనక్కి మడిచేయవచ్చు. ఈ మోడల్ 1989లో మొదలైంది, 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచం మొత్తం మీద ఎక్కువ అమ్ముడైనది ఇదే. మేము రెండు రోజులకు అద్దెకు తీసుకున్నదానికి ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజిను, లోపలికి గాలిని నొక్కి పంపే టర్బో లేదు, 132 హార్స్ పవర్. నేలకు ఆనుకుని పొడుగాటి ముక్కుతో ఉన్న ఆ ఎర్ర బండిని చూడగానే మీ అల్లుడు మనసులో ఏ రెండు వందల యాభయ్యో లెక్క వేసుకుని ఉంటాడు. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం అది సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 8.3 సెకన్లు తీసుకుంటుంది. తీసిపారేయవలసిన వేగం కాదు. అయితే కూరగాయల సంచులు మోసే మా ఇంటి ఎలక్ట్రిక్ కారు అంతకంటే ఓ సెకను ముందే వంద దాటుతుంది. రోజూ దాన్ని నడిపే కాలికి ఈ కారు ఏం ఆనుతుంది?

ఆ 132 ఎక్కడ దాక్కుని ఉందో చూడండి. 7000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిను నిమిషానికి ఏడు వేల చుట్లు తిరిగేటప్పుడు ఉంది. టార్క్, అంటే ఇంజిను తిప్పే బలం, అన్నిటికంటే ఎక్కువగా ఉండేది 4500 దగ్గర, అదీ 152 న్యూటన్ మీటర్లే. మీ అల్లుడేమో ఆర్‌పీఎం ముల్లు రెండున్నర వేలు తాకగానే పై గేరు వేసేస్తాడు. ఇంజిను గట్టిగా అరిస్తే పెట్రోలు కారిపోతున్నట్టు బాధపడే మనిషి. టార్క్‌ను ఆర్‌పీఎంతో హెచ్చవేసి 7024తో భాగిస్తే హార్స్ పవర్ వస్తుంది. రెండున్నర వేల దగ్గర 152 మొత్తం దొరుకుతుందని అనుకున్నా, లెక్క 54 దాటదు. నిజానికి అక్కడ అంత టార్క్ కూడా ఉండదు. 132కు అద్దె కట్టి, 54 లోపు వాడుకుని, బండి లాగడం లేదంటే ఎలా?

ఇక్కడ ఏ వీధిలో చూసినా కనిపించే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ డీజిల్ కారును పక్కన పెట్టి చూడండి. దానిది 150 హార్స్ పవర్. పేరుకు తేడా పద్దెనిమిదే. కాని దానికి 1750 ఆర్‌పీఎం నుంచే 340 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటుంది. అదే రెండున్నర వేల దగ్గర లెక్క వేస్తే 121 హార్స్ పవర్ వస్తుంది. అందుకే కాలు ఆనించగానే వీపు సీటుకు అతుక్కుంటుంది. మీ దగ్గరికి వచ్చే లారీ ఇంజిన్ల తీరూ ఇదే కదా, బలమంతా కిందనే. ఎలక్ట్రిక్ బండికైతే ఆ ఎదురుచూపు కూడా లేదు, నిలబడ్డ చోటే టార్క్ మొత్తం సిద్ధంగా ఉంటుంది. మన ఒంటికి తెలిసేది వేగం కాదు, వేగంలో మార్పు. ఆ మార్పు ఎంత హఠాత్తుగా వస్తే బండి అంత జోరుగా ఉందనిపిస్తుంది. టర్బో లేని చిన్న ఇంజిను జోరును మెల్లగా, మెట్టు మెట్టుగా ఇస్తుంది. వీపుకు దెబ్బ తగలదు కాబట్టి మనిషి నమ్మడు.

ఇక టాపు సంగతి. టాపు తీసేస్తే బరువు తగ్గి బండి ఇంకా పరుగెత్తాలి కదా అని మీరు అడుగుతారు. చాలా బండ్లలో దీనికి సరిగ్గా తిరగబడి జరుగుతుంది. లారీకి చాసిస్, అంటే బరువు మోసే కింది చట్రం వేరు, బాడీ వేరు. మీ ఆటోనగర్‌లో బాడీ మొత్తం విప్పి కొత్తది కట్టినా కింద చాసిస్ చెక్కుచెదరదు. పాత జీపుకు టాపు లేకపోయినా ఏమీ కాకపోవడానికి కారణం అదే. ఇప్పటి కార్లకు అలా విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, పక్క స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేస్తే ఒక పెట్టె అవుతుంది, ఆ పెట్టెయే చాసిస్. పైకప్పు కోసేయడమంటే చాసిస్‌లో ఒక దూలం తీసేయడమే. బండి మెలితిరుగుతుంది, గుంతలో చక్రం పడితే ముందు అద్దం ఫ్రేము వణుకుతుంది. దాన్ని ఆపడానికి తలుపుల కింది అంచులు మందం చేస్తారు, అడుగున అడ్డ బద్దలు వేస్తారు, అద్దం పక్క స్తంభాలను బలపరుస్తారు, బోల్తా పడితే తలలు కాపాడటానికి సీట్ల వెనుక ఏర్పాటు పెడతారు. టాపు మడవడానికి మోటార్లు ఉంటే వాటి బరువు అదనం. పోర్షే 911 కరెరా అనే స్పోర్ట్స్ కారులో 2019లో వచ్చిన తరం తీసుకోండి. కప్పు ఉన్నది 1505 కిలోలు, టాపు తీసేది 1575. ఇంజిను ఒకటే. సున్నా నుంచి వందకు మొదటిది 4.2 సెకన్లు, రెండోది 4.4. అక్కడ డబ్బు ఎక్కువ పోసేది నెమ్మది బండికే!

అయితే ఈ నేరం మేము నడిపిన బండి మీద మోపలేం. దాన్ని మొదటి గీత నుంచే టాపు లేని బండిగా గీశారు, కాబట్టి తరవాత అతుకులు వేయవలసిన అవసరం రాలేదు. మొత్తం బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. కాకపోతే అంత తేలిక బండిలో మేమిద్దరం, రెండు సంచులు ఎక్కితే బరువు ఇంచుమించు ఏడో వంతు పెరుగుతుంది. పెద్ద కారుకు ఇది లెక్కలోకి రాదు.

నా అసలు అనుమానం గాలి మీద. హైవే మీద టాపు తీసి పోతుంటే అద్దం మీద నుంచి వచ్చే గాలి సీట్ల వెనక సుడులు తిరుగుతుంది. గాలి నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి వంద నుంచి నూట నలభైకి పోతే దాదాపు రెట్టింపు అవుతుంది. ఇక్కడి ఆటోబాన్ అనే హైవేల మీద చాలా చోట్ల హద్దు లేకపోయినా 130 మించవద్దని ప్రభుత్వం సలహా ఇస్తుంది. అక్కడికి చేరేసరికి ఈ చిన్న ఇంజినుకు మిగిలే సత్తువ కొంచెమే. ఇది ఒక సంగతి. దీనికి మించినది చెవులు చేసే మోసం. టాపు లేకుండా ఎనభైలో పోతున్నా చెవుల్లో హోరు, జుట్టు ముఖాన, పక్క లారీ చక్రం మన భుజం ఎత్తులో. నూట ముప్ఫైలో ఉన్నామనే అనుకుంటాం. స్పీడు ముల్లు వంక చూస్తే ఎనభై రెండు. "ఇంత చప్పుడు చేసి ఇంతేనా" అన్నాడు మీ అల్లుడు. చప్పుడు చేసింది బండి కాదు, గాలి. గాలి ఎక్కువ చెప్పింది, ముల్లు ఉన్నది చెప్పింది, తిట్లు ముల్లుకు పడ్డాయి.

ఆ మర్నాడు ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లోక్నర్ కొండ దారి ఎక్కాం. 1935లో తెరిచిన రోడ్డు, 48 కిలోమీటర్ల పొడవు, 36 పెద్ద మలుపులు, మలుపు మలుపుకూ నంబరు పలక. చలికాలంలో మంచుకు మూసేస్తారు. కనుమ దగ్గర ఎత్తు 2504 మీటర్లు. వాలు కొన్నిచోట్ల 12 శాతం దాకా ఉంటుంది. ఫిర్యాదు పుట్టింది అక్కడే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెండున్నర వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టం దగ్గరున్న దానిలో మూడొంతులే, అంటే నాలుగింట మూడు. టర్బో ఉంటే గాలిని నొక్కి పంపి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. లేని ఇంజిను దొరికినంతే పీల్చుకోవాలి. 132 కాస్తా వందకు అటూ ఇటూ అవుతుంది. మీ అల్లుడి రెండున్నర వేల గేరు పద్ధతిలో చూస్తే నలభై. వాలు, ఇద్దరు మనుషులు, నలభై హార్స్ పవర్! తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే కాబట్టి మనవైపు ఈ తేడా పెద్దగా తెలియదు. లదాఖ్ లోడు వేసుకుని వచ్చిన డ్రైవర్లను అడగండి, వాళ్లు చెబుతారు. అసలు మ్యూనిక్ కూడా అయిదు వందల మీటర్ల పైన ఉన్న ఊరు, ఇంటి ముందే కొంత పోయింది.

పైన మంచు కొండల ఫోటోలు అమ్మకు పంపాను, చూసే ఉంటారు. నేలలో బొరియలు చేసుకునే మార్మోట్ అనే బొద్దు జంతువు ఒకటి రోడ్డు పక్కనే నిలబడి మా వంక చూసింది. మా వేగం దానికీ ఆనలేదేమో.

కొండ దిగాక పల్లె రోడ్డు మీద స్టీరింగ్ నేను తీసుకున్నాను. ఊళ్ల బయట అక్కడ హద్దు వంద. రెండో గేరులోనే ఉంచి ముల్లును ఆరు, ఆరున్నర, ఏడు వేల దాకా పోనిచ్చాను. అయిదు వేలు దాటాక ఆ ఇంజిను గొంతు మారుతుంది మావయ్యా, మీరు విని ఉంటే షెడ్డు మూసి వచ్చేవారు. చిన్న గేరు కర్ర, చేతి మణికట్టు తిప్పితే చాలు పడుతుంది. నాలుగు వందల హార్స్ పవర్ ఉన్న బండిలో అయితే నాలుగు సెకన్లలో హద్దు వచ్చేస్తుంది, ఆ తరవాత చేయడానికి పనేమీ ఉండదు. ఇందులో వంద చేరేలోపు చేతికీ కాలికీ చెవికీ చేతినిండా పని. నాకైతే ఇదే నచ్చింది. మీ అల్లుడు ఇంకా ఒప్పుకోలేదు, తరవాత ఎప్పుడైనా టర్బో ఉన్నది తీసుకుందామంటున్నాడు. తీసుకోనివ్వండి, అద్దె ఆయనే కడతాడు.

బావ గుడ్డ టాపు ఉన్న సెకండ్‌హ్యాండ్ మహీంద్రా థార్ కోసం చూస్తున్నాడని విన్నాను. దానికి చాసిస్ విడిగా ఉంటుంది కాబట్టి టాపు గురించి పైన రాసిన భయం అక్కరలేదు. డీజిల్‌దే చూడమనండి. 2020 తరవాతి మోడల్‌కు 130 హార్స్ పవరే అయినా టార్క్ 300 ఉంటుంది, అదీ కిందనే అందుతుంది. ఒక్కడే కూర్చుని ఖాళీ రోడ్డు మీద నడిపి మురిసిపోవద్దనండి. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కించి చూడమనండి. క్లచ్చు ప్లేటు మీరే విప్పి చూడండి, అమ్మేవాడి మాట నమ్మవద్దు. మే నెలలో విజయవాడలో టాపు తీసి ఎక్కడ తిరుగుతాడో మాత్రం అత్తయ్యనే అడగమనండి.

అమ్మమ్మకు కొత్త కళ్లజోడు వచ్చిందా? ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించేటప్పుడు లెక్కలు వదిలేయండి.

ఇట్లు,
మీ మేనకోడలు