కీపర్ ఒక్కడే కదరా!

నాష్‌విల్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం చేరి వారమైంది. ఈ రోజుల్లో ఇంకా కాగితం మీద రాసేవాడివి నువ్వొక్కడివేరా. అందుకే నేనూ పెన్ను వెతుక్కుని కూర్చున్నా. దస్తూరీ చూసి నవ్వకు.

అల్లుడి సంగతి చదివి మనసు చివుక్కుమంది. పదిహేడేళ్ల పిల్లాడు, రెండేళ్లుగా క్రికెట్ జట్టుకి వికెట్ కీపింగ్ చేస్తున్నవాడు. ఇప్పుడు ఎక్కడినుంచో ముప్పై ఏళ్ల ఆయన్ని తీసుకొచ్చి "నీకు తోడుగా ఉంటాడు" అన్నారా? తోడట, తోడు! బౌలర్లయితే నలుగురు ఆడతారు, బ్యాటర్ని ఒక మెట్టు కిందకో పైకో జరపొచ్చు. కీపర్ ఒక్కడే కదరా. ఒక ఒరలోకి రెండో కత్తి తెచ్చి తోడు అంటే ఎవరు నమ్ముతారు?

మా ఊళ్లో అచ్చం ఇదే జరిగింది. నువ్వు "హెల్మెట్ల కుస్తీ" అని వెక్కిరిస్తావే, ఆ అమెరికన్ ఫుట్‌బాల్లోనే. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. దాదాపు ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. విసరడమా, పక్కవాడికి అందించి పరుగెత్తించడమా అన్నది రెండు మూడు సెకన్లలో వాడే తేల్చుకోవాలి. ఆ కుర్చీ కూడా ఒక్కటే.

మా టైటన్స్ జట్టు 2015 డ్రాఫ్టులో (కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతులే) రెండో పేరుగా మార్కస్ మారియోటాని ఆ కుర్చీకి తీసుకుంది. హవాయి కుర్రాడు, నెమ్మదస్తుడు. తొలి మ్యాచ్‌లోనే నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడంలే) విసిరాడు, అదీ ఆ ఏడు డ్రాఫ్టులో తనకంటే ముందు ఎంపికైన విన్‌స్టన్ జట్టు మీద! 2018 జనవరిలో కాన్సస్ సిటీ మీద ప్లేఆఫ్, అంటే నాకౌట్, మ్యాచ్‌లో ఇంకో వింత. వాడు విసిరిన బంతి ఎదుటివాడి చేతికి తగిలి వెనక్కొస్తే, వాడే పట్టుకుని గీత దాటాడు. తన బంతి తనే పట్టి టచ్‌డౌన్! ఆ రోజు నేను సోఫా మీదకెక్కి గంతులేస్తే మీ చెల్లెలు "పిల్లలు నయం" అంది.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. కాలు విరగడం అంతకుముందే అయింది, 2018లో మోచేయి దగ్గర నరం నలిగి వేళ్లకి స్పర్శ సరిగ్గా తెలియకుండా పోయింది. అయిదేళ్లలో ముగ్గురు హెడ్ కోచ్‌లు మారారు, అది వేరే తలనొప్పి. 2019 మార్చిలో మయామీ జట్టు నుంచి రయాన్ టానెహిల్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చారు. ఆయనదీ ఏమంత గొప్ప చరిత్ర కాదు. అక్కడ ఏడేళ్లున్నాడు, అందులో ఒక ఏడాదంతా మోకాలి దెబ్బకే పోయింది. వదిలించుకోవాలని మయామీకి ఎంత తొందరంటే, ఆయన జీతంలో కొంత తామే కట్టుకున్నారు. మావాళ్లేమో "మారియోటానే మా ఆటగాడు" అని గట్టిగానే చెప్పారు. నేనూ నమ్మాను, వెర్రివాణ్ని.

అక్టోబర్‌లో డెన్వర్‌లో మ్యాచ్. మారియోటా పద్దెనిమిదిసార్లు విసిరితే ఏడే అందాయి, మొత్తం 63 గజాలు, రెండు ఎదుటివాళ్ల చేతిలో పడ్డాయి. మూడో క్వార్టర్లో కోచ్ వ్రేబెల్ వాణ్ని కూర్చోబెట్టేశాడు. 16-0తో ఓడాం. తలకి టోపీ పెట్టుకుని గీత బయట నిలబడ్డ వాడి ముఖం టీవీలో చూపిస్తుంటే నాకు అన్నం సయించలేదు. తర్వాతి ఆదివారం చార్జర్స్ జట్టుతో మ్యాచ్ మా ఊళ్లోనే, మారియోటా బదులు టానెహిల్‌తో. అలిగి మానేద్దామనుకుని, టికెట్ డబ్బులు గుర్తొచ్చి వెళ్లాను. చివరి క్షణాల్లో వాళ్లు గీతకి గజం దూరంలో ఉండగా బంతి జారవిడిచారు, 23-20తో మేం గెలిచాం. కంబర్లాండ్ నది అవతలికి కూడా వినపడి ఉంటుంది ఆ కేక. అందులో నా గొంతూ ఉంది, ఏం చెయ్యను?

ఆ మ్యాచ్‌తో కలిపి పదింట్లో ఏడు గెలిచాం. టానెహిల్ ఏం మాయ చేశాడని అడుగుతావేమో. మా జట్టులో డెరిక్ హెన్రీ అని దున్నపోతులాంటి మనిషి ఉండేవాడు, ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ, 1,540 గజాలు పరుగెత్తాడు. టానెహిల్ బంతిని వాడి పొట్టకి ఆనించి ఇచ్చినట్టే ఇచ్చి, లాగేసుకుని దూరంగా విసిరేవాడు. అందరూ హెన్రీ మీదకి ఎగబడేసరికి వెనక మైదానం ఖాళీ. మారియోటా ఉన్నప్పుడూ హెన్రీ ఉన్నాడు, ఆ ఎత్తుగడా ఉంది. కానీ దెబ్బలు తిని తిని మారియోటా విసిరే ముందు ఒక్క క్షణం తటపటాయించేవాడు. ఆ క్షణమే కొంప ముంచిందని నా లెక్క. ప్లేఆఫ్స్‌లో దిగ్గజం బ్రేడీ ఉన్న పేట్రియట్స్ జట్టుని వాళ్ల ఊళ్లోనే ఓడించాం, తర్వాత బాల్టిమోర్‌ని కూడా. కాన్సస్ సిటీ దగ్గర ఆగిపోయాం. టానెహిల్‌కి నాలుగేళ్లకి 11.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. మారియోటా మూటాముల్లె సర్దుకుని ఇంకో జట్టులో రెండోవాడుగా చేరాడు.

అసలు కథ తర్వాతుంది. 2022లో మావాళ్లు మాలిక్ విల్లిస్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చారు. "వాడికి నేర్పడం నా పని కాదు" అన్నాడు టానెహిల్. ఊరంతా తిట్టింది. నాకైతే మొదటిసారి ఆయన మీద అభిమానం పుట్టింది, ఉన్నమాట అన్నాడు కదా! మరుసటి ఏడు విల్ లెవిస్ అని ఇంకో కుర్రాడు వచ్చాడు. అక్టోబర్‌లో లండన్‌లో మ్యాచ్ ఆడుతూ టానెహిల్ చీలమండకి దెబ్బ తగిలితే, లెవిస్ దిగి మొదటి మ్యాచ్‌లోనే నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడు. మారియోటా లాగే నాలుగు! మారియోటా మాత్రం 2024లో వాషింగ్టన్‌లో తేలాడు, జేడెన్ డేనియల్స్ అనే కొత్త కుర్రాడి వెనక పెద్దాయనగా.

ఇదంతా అల్లుడికి చెప్పకు, ఈ వయసులో పిల్లలకి మన కథలు కారంగా ఉంటాయి. వాడికి చేతుల్లో ఏదైనా నొప్పి ఉందేమో, దాచి ఆడుతున్నాడేమో అది మాత్రం కనుక్కో. మారియోటా సంగతి తెలిశాక నాకు అదే భయం.

సంక్రాంతికి వస్తున్నా. గ్లవ్స్ తెమ్మన్నావు గానీ ఇక్కడ దొరికేవి బేస్‌బాల్‌వి, ఒక చేతికే ఉంటాయి. మీరట్‌వి నువ్వే కొను, డబ్బు నేనిస్తా. మ్యాచ్ ఉంటే వాడి ఆట చూడ్డానికి నన్నూ తీసుకెళ్లు. ఆ కొత్తాయన ఎలా పడతాడో కూడా చూడాలి.

నీ
రాంబాబు