ఆ లెక్క ఎవరు వేశారో అడుగు

కన్నా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మీదే ఈ ఉత్తరం. "అమ్మా, వార్తలన్నీ అబద్ధాలే, నేనసలు ఏదీ నమ్మను" అన్నావు. ఫోన్ పెట్టేసిన కాసేపటికే, ఎక్స్‌రేలు, స్కాన్లు చూసే ఆ రేడియాలజీ చదివితే ముందు ముందు ఉద్యోగమే ఉండదట, ఏఐ తినేస్తుందట అని ఒక వార్త పంపించావు. ఏదీ నమ్మనివాడివి దాన్నెలా నమ్మావురా? వెక్కిరించడానికి అడగడం లేదు. అది నీ భయానికి సరిగ్గా సరిపోయింది, అందుకని నమ్మేశావు. మనందరం ఏది నమ్మాలి, ఏది కొట్టిపారెయ్యాలి అన్నది చాలావరకు అలాగే తేల్చుకుంటాం. ఫోన్లో చెబితే రెండో వాక్యానికే అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను.

సైన్సు వార్తల మీద నీకు ఒళ్ళు మంట, ఇవాళ తినొద్దంటారు రేపు తినమంటారు అని. కొంత నిజమే. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధనా సంస్థ, ప్రాసెస్ చేసిన మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పి, పొగాకు ఉన్న జాబితాలోనే దాన్నీ పెట్టింది. ఇంకేముంది, రెండూ ఒకటే ప్రమాదం అన్నట్టు హెడ్‌లైన్లు వచ్చేశాయి. ఆ జాబితా ముప్పు ఎంత పెద్దదో చెప్పడానికి కాదు, ముప్పు ఉందనడానికి సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెప్పడానికి. ఇక ఆ 18 శాతం అంటావా, బ్రిటన్ లాంటి దేశాల్లో జీవితకాలంలో వందమందిలో సుమారు ఆరుగురికి వచ్చే జబ్బు ఏడుగురికి వస్తుందన్నమాట. రెండూ ఒకే లెక్క, కానీ మొదటిది చదివితే గాభరా పుడుతుంది, రెండోది చదివితే తినాలో వద్దో నువ్వే ఆలోచించుకోగలవు. డాక్టర్ కాబోతున్నావు, రేపు పేషెంట్లకు ఈ రెండో రకంగా చెప్పడం నేర్చుకో.

అయితే అక్కడితో ఆగి "సైన్సంతా ఇంతే" అనెయ్యకు. అదే ఏడాది కొందరు పరిశోధకులు మనస్తత్వశాస్త్రంలో అచ్చయిన 100 అధ్యయనాలను తీసుకుని మళ్ళీ మొదటి నుంచీ చేసి చూశారు. అసలు పేపర్లలో 97 శాతం గట్టి ఫలితం వచ్చిందని రాసుకున్నవే, మళ్ళీ చేస్తే ఆ గట్టిదనం మిగిలింది 36 శాతంలోనే. నువ్వు దీన్ని నీ వాదనకు వాడుకుంటావని తెలుసు. కానీ ఈ బండారం బయటపెట్టిందెవరో చూశావా? ఏ విలేకరో కాదు, మంత్రో కాదు, ఆ శాస్త్రం వాళ్ళే. తమ ఇంటి లెక్కలు తామే తిరగేసి, తప్పుందని తామే అచ్చువేసుకున్నారు. 2011లో ఇటలీలోని గ్రాన్ సాసో దగ్గర ఒపేరా అనే భౌతికశాస్త్ర ప్రయోగం వాళ్ళకు, స్విట్జర్లాండ్ సరిహద్దులోని సెర్న్ ప్రయోగశాల నుంచి 730 కిలోమీటర్లు వచ్చిన న్యూట్రినోలనే అతి చిన్న కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరినట్టు కనిపించింది. కాంతిని ఏదీ మించలేదన్న ఐన్‌స్టీన్ పని అయిపోయిందని ప్రపంచమంతా వార్త. వాళ్ళు మాత్రం "మా లెక్కలో తప్పెక్కడుందో మాకు దొరకడం లేదు, మీరూ చూడండి" అనే అడిగారు. 2012 మొదట్లో సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్ బయటపడింది. నాకు నమ్మకం కలిగేది అలాంటి వాళ్ళ మీద. తప్పే చెయ్యనివాళ్ళు ఎక్కడా ఉండరు కదా, తప్పు దొరికితే దాన్ని దాచేస్తారా బయటపెడతారా అన్నదే నేను చూసేది.

పోలీసుల వార్తల దగ్గరికొస్తే నాకు అనుమానం ఎక్కువ, అది నీకూ తెలుసు. కాకపోతే నా అనుమానం నీ అనుమానం లాంటిది కాదు. నువ్వు ఒక రోజు "నేరాలు పెరిగిపోయాయి, పోలీసులు నిద్రపోతున్నారు" అంటావు, మర్నాడు "పోలీసులు చెప్పేవన్నీ కట్టుకథలే" అంటావు. నేను ఉద్యోగమంతా పట్టికలు నింపుతూ గడిపినదాన్ని, నాకు వేరే రోగం ఉంది: అంకె కనబడితే చాలు, అది ఏ కాగితం మీద పుట్టిందా అని వెతుకుతాను. మా ఆఫీసులో ఒకసారి ఫిర్యాదుల ఫారంలో ఒక గడి చేర్చారు, నోటిమాటగా వచ్చినవి కూడా రాసుకోవాలని. ఆ నెల ఫిర్యాదులు ఒక్కసారిగా పైకెళ్ళాయి, పైఅధికారికి టెన్షన్ పట్టుకుంది, మీటింగులు, మెమోలు, ఇంక చూడు. జనం కష్టాలేమీ పెరగలేదు. అంతకుముందు కిటికీ దగ్గరే "సరే చూస్తాంలెండి" అని పంపేసినవి అప్పుడు కాగితం మీదికొచ్చాయి, అంతే.

పోలీసు లెక్కలూ అంతే. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు శాఖలను తనిఖీ చేసే సంస్థ 2014 నవంబరులో ఒక నివేదిక ఇచ్చింది. జనం వచ్చి చెప్పిన నేరాల్లో 19 శాతం, అంటే దాదాపు ఐదింట ఒకటి, రికార్డులోకే ఎక్కలేదు. ఏడాదికి ఎనిమిది లక్షలకు పైనే. లైంగిక నేరాల్లో అయితే 26 శాతం, కొట్లాటలు, దాడుల వంటి వాటిలో 33 శాతం. ఆ ఏడాది జనవరిలోనే అక్కడి గణాంకాల పర్యవేక్షణ సంస్థ, పోలీసులు నమోదు చేసే నేరాల లెక్కకు ఉన్న అధికారిక నాణ్యతా ముద్రను తీసేసింది. తర్వాతేమైంది? స్టేషన్లు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయడం మొదలుపెట్టాయి, దాడుల కేసుల సంఖ్య ఏటేటా ఎగబాకింది, పేపర్లు "హింస పెరిగింది" అన్నాయి. మరి ఇళ్ళకు వెళ్ళి "పోయిన ఏడాది మీకేమైనా జరిగిందా" అని నేరుగా అడిగే సర్వే ఒకటి అక్కడ 1980ల నుంచీ ఉంది, దానిలో ఆ ఎగబాకుడు కనబడలేదు. ఇప్పుడు చెప్పు, నేరాలు తక్కువ చూపించే స్టేషన్ మంచిదా, ఎక్కువ చూపించేదా? రాసుకోవడానికి వెనకాడని స్టేషన్ పట్టికలో చెడ్డగా కనిపిస్తుంది. తక్కువ చూపిస్తే మెచ్చుకుంటాం అని మనమే అంటూ, ఎందుకు రాసుకోవడం లేదని మళ్ళీ మనమే అడుగుతాం.

దీనికి రెండో పక్క కూడా ఉంది. అమెరికాలో 1993తో పోలిస్తే హింసాత్మక నేరాలు దాదాపు సగానికి పడిపోయాయి. అయినా గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్ళు అడిగినప్పుడల్లా, దాదాపు ప్రతి ఏడాదీ, ఎక్కువమంది "పోయినేడాది కంటే నేరాలు పెరిగాయి" అనే చెప్పారు. లెక్క తక్కువ చూపించేవాళ్ళు కొందరైతే, లెక్క ఏమైనా సరే భయపడేవాళ్ళు ఇంకెందరో. రాత్రి పడుకునే ముందు నువ్వు ఫోన్లో చూసే వీడియోలు ఏ పక్క పనిచేస్తున్నాయో నేను చెప్పక్కర్లేదు.

బాడీ కెమెరాల కథ నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే అందులో నా మొగ్గు కూడా పరీక్షకు నిలబడింది. కాలిఫోర్నియాలో రియాల్టో అనే చిన్న ఊళ్ళో 2012లో 54 మంది పోలీసులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. చొక్కాకు కెమెరా పెట్టుకుని తిరిగితే ఎలా ఉంటుందని. ఏడాదిలో ఫిర్యాదులు 24 నుంచి 3కి పడిపోయాయి. 88 శాతం తగ్గుదల అని ఎన్ని దేశాల్లో చెప్పుకున్నారో! వినడానికి ఎంత బావుంది, చూసేవాడుంటే బుద్ధిగా ఉంటారు, నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది. కానీ 24, 3 అన్నవి చాలా చిన్న అంకెలు, పైగా అది ముందటేడుతో పోలిక, ఊళ్ళో అప్పుడే వేరే మార్పులు జరిగుంటే అవీ ఆ కెమెరా ఖాతాలోకే పోతాయి. ఆ తర్వాత వాషింగ్టన్ నగరంలో రెండు వేల పైచిలుకు పోలీసులతో, ఎవరికి కెమెరా ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చి చూశారు. 2017లో ఫలితం వచ్చింది: బలప్రయోగంలో గానీ ఫిర్యాదుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. మొదటి వార్త విన్నవాళ్ళలో ఈ రెండోది ఎంతమంది చెవిన పడి ఉంటుందంటావు?

అలాగని కెమెరా దండగ అని నేననను. 2020 మే నెలలో అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో చనిపోయినప్పుడు అక్కడి పోలీసుల ఒంటి మీద కెమెరాలున్నాయి. అయినా శాఖ విడుదల చేసిన మొదటి ప్రకటనలో, పోలీసులు పట్టుకున్న సమయంలో ఆరోగ్యం దెబ్బతిని ఒక వ్యక్తి చనిపోయాడన్న అర్థంలోనే ఉంది. ఒక అధికారి ఆయన మెడ మీద మోకాలు పెట్టి అదిమిన సంగతి లేదు. రోడ్డు పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి తన ఫోన్లో తీసిన వీడియో లేకపోతే మొదటి రోజు మన చేతికొచ్చేది ఆ ప్రకటన ఒక్కటే. మరుసటేడు ఏప్రిల్లో కోర్టు ఆ అధికారిని హత్య కేసులో దోషిగా తేల్చింది. అందుకే పోలీసు వార్త మొదటి రోజున ఏది వచ్చినా, ఏ పక్క నుంచి వచ్చినా, నేను "ఒక పక్షం వాళ్ళు ఇలా చెప్పారు" అని మాత్రమే తీసుకుంటాను. అబద్ధం అని కూడా అనను. ఇంకా రెండో మనిషి మాట్లాడలేదు అనుకుంటాను.

ఇక నీ ఉద్యోగం, నీ రేడియాలజీ. ఆ వార్తకు మూలం ఎక్కడుందో తెలుసా? 2016లో జెఫ్రీ హింటన్ గారు, ఇప్పటి ఏఐ వెనకున్న డీప్ లెర్నింగ్ అనే పద్ధతికి పెద్దదిక్కు, తర్వాత 2024లో నోబెల్ కూడా వచ్చింది, ఒక సభలో రేడియాలజిస్టులను తయారుచెయ్యడం ఇప్పుడే ఆపెయ్యాలి, ఐదేళ్ళలో యంత్రం వాళ్ళను మించిపోతుంది, మహా అయితే పదేళ్ళు అన్నారు. ఐదేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, చాలా దేశాల్లో రేడియాలజిస్టులు చాలక తిప్పలు పడుతున్నారు. తాను మరీ పెద్ద మాట అనేశానని, ఫిల్ములు చదవడం గురించే తన మాటని 2025లో ఆయనే చెప్పుకున్నారు. ఆయన ఎంత తెలివైనవాడో నాకు చెప్పకు, తెలుసు. యంత్రం సంగతి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రేడియాలజిస్టు రోజంతా ఏం చేస్తాడన్నది మాత్రం వేరే విషయం, దానికి వేరేవాళ్ళను అడగాలి.

47 శాతం ఉద్యోగాలు పోతాయన్న అంకె కూడా నువ్వు పంపినదాంట్లో ఉంది. అది 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఫ్రే, ఆస్బోర్న్ అనే ఇద్దరు వేసిన లెక్క, అమెరికా గురించి. 702 వృత్తులు తీసుకున్నారు, అందులో 70 వృత్తులను నిపుణులు కూర్చుని ఇది యంత్రం చేస్తుంది, ఇది చెయ్యలేదు అని చేత్తో గుర్తుపెట్టారు, మిగతావన్నీ ఆ 70ని చూసి ఒక ప్రోగ్రామ్ అంచనా వేసింది. మూడేళ్ళకు ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి కోసం వేరేవాళ్ళు అదే ప్రశ్నను ఇంకోలా చూశారు, వృత్తిని మొత్తంగా కాకుండా అందులో ఒక్కో పనినీ విడివిడిగా. వాళ్ళకొచ్చింది 9 శాతం. ఒకే దేశం, కొంచెం అటూ ఇటూగా ఒకే కాలం, 47 ఒకరికి, 9 ఇంకొకరికి. ఏది నిజమో నేను చెప్పలేను, కానీ హెడ్‌లైన్లో ఏది కూర్చుందో మాత్రం చెప్పగలను.

ఇంకో ముచ్చట వినాలి నువ్వు. 2024 చివర్లో అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయం ఎంఐటీలో విద్యార్థి ఒకరు ఒక పేపర్ పెట్టారు, వెయ్యిమందికి పైగా శాస్త్రవేత్తలున్న ఒక ల్యాబులో ఏఐ తెచ్చాక కొత్త పదార్థాలు 44 శాతం ఎక్కువ కనిపెట్టారని, అయితే వాళ్ళకు పనిలో తృప్తి తగ్గిపోయిందని. ఏఐని పొగిడేవాళ్ళకు మొదటి సగం, తిట్టేవాళ్ళకు రెండో సగం. పేరున్న ఆర్థికవేత్తలే మెచ్చుకున్నారు. 2025 మేలో ఎంఐటీయే, ఆ డేటా ఎక్కడిదో, అది నిజమో కాదో తమకు నమ్మకం లేదని ప్రకటించింది. రెండు పక్షాలకూ నచ్చేలా ఉన్న వార్తను పట్టుకుని గుచ్చి అడగాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పు.

నీకు నచ్చే వార్త కూడా ఒకటి చూద్దాం. వారానికి నాలుగు రోజుల పని. 2022లో బ్రిటన్లో 61 కంపెనీలు ఆర్నెల్లు చేసి చూస్తే 56 కంపెనీలు దాన్ని కొనసాగిస్తామన్నాయి. నాకూ సంతోషమే, నా రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆ 61 కంపెనీలూ ఇష్టపడి ముందుకొచ్చినవి. ఇష్టం లేనివి రానేలేదు, పక్కన పెట్టి పోల్చడానికి ఐదు రోజులు పనిచేసే జట్టు కూడా లేదు. వార్త అబద్ధం కాదు. అన్ని కంపెనీలకూ అది పనికొస్తుందన్నది మనం కలుపుకున్నది. రేడియాలజీ వార్తను నేను ఎంత పీకానో, దీన్నీ నువ్వు అంత పీకాలి. పీకవని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

నువ్వు "ఏదీ నమ్మను" అన్నప్పుడు నాకు కోపం రాలేదు కానీ బెంగ పట్టుకుంది. ఏదీ నమ్మనివాడు ఏదీ వెతకడు కూడా. అన్నీ అబద్ధాలే అనుకున్నవాడికి ఒపేరా వాళ్ళూ, ఆ మొదటి ప్రకటన రాసిన పోలీసు అధికారీ ఒకటే అయిపోతారు, అబద్ధం రాసేవాడికి కావలసింది కూడా అదే.

సరే, చెయ్యాల్సిన పని. మీ ఆసుపత్రిలో రేడియాలజీ విభాగంలో ఎవరైనా పెద్దాయన దగ్గర అనుమతి తీసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చో. ఫిల్ము చూడటానికి ఎంతసేపు పట్టింది, మిగతా డాక్టర్లతో మాట్లాడటానికి ఎంత, సూది పెట్టి చేసే ప్రొసీజర్లకెంత, పేషెంటుతో ఎంత, ఇప్పటికే ఏఐ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అది ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ అడ్డొచ్చింది, అన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఒక్క ఆసుపత్రి, ఒక్క రోజు, దాన్ని పట్టుకుని లోకం మీద తీర్పు చెప్పకు, కానీ నువ్వు పంపిన వార్త రాసినవాడికి ఆ పాటి కూడా తెలిసుండదు. ఆ కాగితం ఫొటో తీసి పంపు, చూడాలని ఉంది. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే వద్దులే, నేనేమీ అనను, మీ నాన్నకు నేనే చెబుతాను. ఏ కోర్సు కావాలో ఆప్షన్లు పెట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో మాత్రం ఈ వారంలోనే కనుక్కుని చెప్పు.

అమ్మ