చదువు ఎవరిచ్చారో బడి రిజిస్టర్లను అడగండి

సంపాదకుడి గారికి,

మన తెలంగాణ జిల్లాల్లో పేదోళ్లకు చదువు చెప్పింది మిషనరీలా, సర్కారా అని కొన్నాళ్లుగా పాఠకులు వాదించుకుంటున్నారు. అంతా మిషన్ బడుల పుణ్యమేనని కొందరంటే, అవి మతం మార్చడానికి పెట్టినవని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన నాకు రెండూ సగం మాటలే అనిపిస్తున్నాయి.

అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే హన్మకొండ వచ్చారు. 1912 డిసెంబరులో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. ఆయన డయోసిస్‌లో, అంటే బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతంలో, మాల, మాదిగ వాడల్లో నడిచిన బడులకు పెద్ద బిల్డింగులేమీ లేవు. పగలు అక్షరాలు దిద్దించిన పంతులే సాయంత్రం ప్రార్థన చేయించేవాడు. ఆ చదువులో మతం లేదంటే అబద్ధమే. కానీ ఊళ్లో ఎవరూ దగ్గరికి రానివ్వని పిల్లలను పిలిచి కూర్చోబెట్టి, వాళ్లకు తెలుగులో ఓనమాలు నేర్పిందీ ఆ పంతులే. ఆ మాట దాచిపెట్టడం ఇంకా పెద్ద అన్యాయం.

మరి నిజాం సర్కారు? 1918లో ఉస్మానియా పెట్టి, పై చదువులు దేశభాషలో చెప్పొచ్చని చేసి చూపించింది. గొప్ప పనే. అయితే ఆ భాష ఉర్దూ. హైస్కూలు కూడా ఉర్దూలోనే కావడంతో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు సగంలోనే ఆగిపోయారు. సొంతంగా ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టుకుందామన్నా సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. అందుకే చర్చి, సర్కారు అని ఇద్దరినే లెక్కేస్తే నాకు మనసొప్పదు. 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవాళ్లను, 1930లో జోగిపేటతో మొదలైన ఆంధ్ర మహాసభల్లో మాతృభాషలో చదువు కావాలని గొంతెత్తినవాళ్లను ఎక్కడ పెడదాం?

రాజ్యాంగం వచ్చాక 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడుల్లో మతబోధను వద్దంది. 30వది మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కిచ్చింది. ఆ ఏర్పాటు సరైనదేనని నా నమ్మకం.

అంతకుముందు బడి మెట్లెక్కింది ఎవరో తేలాలంటే మాత్రం ఆధారం ఉంది, మన కళ్లముందే పాడవుతోంది. నిజాం కాలం నాటి అడ్మిషన్ రిజిస్టరు ఒకటి నేను తిరగేశాను. పేరు, తండ్రి పేరు, కులం, చేరిన తేదీ, అన్నీ ఉర్దూలో ఉన్నాయి. ఆకు తిప్పుతుంటే అంచులు పొడిపొడిగా రాలాయి. కొన్ని పేజీల్లో తేదీలున్న గడులను చెదలు తినేశాయి.

విద్యాశాఖ, చర్చి డయోసిస్‌లు తమ దగ్గరున్న 1950కి ముందటి రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. పాత బిల్డింగు కూల్చేటప్పుడు బీరువాల్లో కాగితాలను తూకానికి అమ్మొద్దని హెడ్మాస్టర్లకు వెంటనే సర్క్యులర్ పంపాలి. ఉర్దూ చేతిరాత చదవగలిగిన టీచర్లు మా తరంలోనూ కొద్దిమందే మిగిలారు. పిలిస్తే వచ్చి చదివిపెట్టడానికి మేం సిద్ధం, పైసా అక్కర్లేదు.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హన్మకొండ