పెరట్లో తొలి కొలను: చేపలు ఆఖర్న

తల్లిదండ్రులకు నమస్కారం.

సైన్సులో నీటి జీవుల పాఠం మొదలైనప్పటి నుంచి, ఇంట్లో చిన్న కొలను కట్టమని పిల్లలు మీ ప్రాణం తీస్తున్నారని చాలామంది చెప్పారు. కట్టండి. కాకపోతే పిల్లలకు మొదటిరోజే చేపలు కావాలి. కొలనులోకి చేపలు అందరికంటే ఆఖర్న రావాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క విషయం గురించే అనుకోండి.

అంతకంటే ముందు ఒక మాట. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలున్నా, చుట్టుపక్కల పసివాళ్ళు వచ్చిపోతున్నా ఇప్పుడు గొయ్యి తవ్వకండి. అప్పుడే నడక నేర్చిన బిడ్డ బోర్లా పడితే రెండు మూడు అంగుళాల నీళ్ళలో కూడా మునిగిపోవచ్చు. పైగా చప్పుడే కాదు. 'మేం చూస్తూనే ఉంటాం కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు. తవ్వితే కొలను మీద బిడ్డ బరువు ఆపగల గట్టి ఇనుప జాలీ బిగించాలి, లేదా పిల్లలు పెద్దయ్యేదాకా ఆగాలి.

ఇక చోటు. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలాలి, లేకపోతే కలువ పూయదు. చెట్టు కింద మాత్రం వద్దు. రాలిన ఆకులు నీళ్ళలో కుళ్ళుతాయి, వేళ్ళు నీళ్ళు ఇంకకుండా గొయ్యి అడుగున పరిచే షీటును పొడుస్తాయి. పెరట్లో అన్నిటికంటే పల్లపు చోటు కూడా వద్దు, మొక్కలకు వేసిన ఎరువులన్నీ వానకు కొట్టుకొచ్చి అందులోకే చేరతాయి. గునపం వేసే ముందు కింద నీటి పైపులు, కరెంటు తీగలు లేవని చూసుకోండి.

రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, మధ్యలో 60 సెంటీమీటర్ల లోతు తొలి కొలనుకు ధారాళంగా సరిపోతుంది. మరీ చిన్నదైతే ఎండకు నీళ్ళు త్వరగా వేడెక్కిపోతాయి. ఒక పక్కన ఏటవాలుగా వదిలితే కప్పలు, పొరపాటున పడ్డ ఉడతలు ఎక్కి బయటికి రాగలవు. గట్టు మట్టాన్ని చెక్క పలక, రసమట్టం పెట్టి నాలుగు వైపులా సరిచూడండి. విసుగు పుట్టించే పనే, కానీ నీళ్ళు పోశాక ఒక పక్క పొంగి, ఇంకో పక్క షీటు బయటపడితే ఇక సర్దడం కష్టం. షీటు కొలతకు లెక్క తేలికే: పొడవుకు లోతు రెండింతలు కలిపి, అంచులకు మరో 60 సెంటీమీటర్లు చేర్చాలి. వెడల్పుకూ అంతే. పై కొలతలకు 3.8 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల వెడల్పున్న షీటు కావాలి. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి. షీటు కింద రాళ్ళు ఏరేసి, ఇసుక గానీ పాత దుప్పట్లు గానీ పరవండి.

వాన నీళ్ళు దొరికితే అంతకంటే మంచివి లేవు. కుళాయి నీళ్ళయితే రెండు రోజులు అలా వదిలేస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ కలుపుతారు, అది ఊరికే పోదు. దానికి ఆక్వేరియం వాళ్ళు వాడే మందు కలపాలి.

తర్వాత అసలు టెన్షన్ మొదలవుతుంది. కొన్ని వారాల్లో నీళ్ళు పచ్చగా మారతాయి. పాడైపోయిందని తోడిపోసి కొత్త నీళ్ళు నింపారంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఎండా పోషకాలూ పుష్కలంగా ఉండి, వాటిని వాడుకునే మొక్కలు ఇంకా ఎదగకపోవడం వల్లే ఆ పచ్చదనం. కలువ ఆకులు సగం నీటిని కమ్మేసి, అడుగున హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటి నీటిమొక్కలు పెరిగితే దానంతటదే తేరుకుంటుంది. గుర్రపుడెక్క పువ్వు అందంగా ఉందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. కొలనే కాదు, దాంట్లోంచి బయటపడితే ఊరి చెరువునూ కమ్మేస్తుంది.

చేపలు ఎందుకు ఆగాలంటే, వాటి విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది, అది వాటికే విషం. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అప్పుడైనా రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి, కొన్ని నిమిషాల్లో తినేసేంతే మేత వేయండి.

ఈలోగా దోమల సంగతేమిటని అడుగుతారు. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు చాలు, కాబట్టి వారానికి రెండుసార్లు లార్వాలను సన్నని జల్లెడతో తీసేయండి. చిన్న పంపుతో నీళ్ళు కదిలిస్తే ఇంకా మేలు, కానీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్ లేకుండా పంపు పెట్టొద్దు.

చేపలు లేని ఆ నెలన్నర వృథా కాదు. పిలవకుండా ఏవేం వచ్చాయో పిల్లలను ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. నీటి పురుగులు ఎగిరొస్తాయి, తూనీగలు గుడ్లు పెడతాయి. ఎప్పుడో ఒక ఉదయం కాడ మీద తూనీగ విడిచిన ఖాళీ తొడుగు కనిపిస్తే దాన్ని బడికి పంపండి, మైక్రోస్కోప్ కింద చూద్దాం. బతికున్న తోకకప్పలను మాత్రం నీళ్ళ సీసాలో పెట్టి పంపకండి, స్కూల్ బ్యాగులో అవి బతకవు. కొలనులో చేపలు ఎక్కువైపోతే చెరువులో, కాలువలో వదలకండి, తెలిసిన వాళ్ళ తొట్టికి ఇచ్చేయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు