కొండ ఒక్కటే చూసి వచ్చేయకు

ఒరేయ్ రాఘవా,

నీ ఏథెన్స్ ప్లాన్ చూశాను. అక్రోపోలిస్ కొండకి పూటంతా, దాని కింద ఉన్న అగోరాకి, అంటే పాతకాలపు ఊరి సంత మైదానానికి, అరగంటా! కుదరదు, మార్చెయ్.

కొండ మీది పార్థినాన్ గుడి గొప్పదే, కాదనను. కానీ గ్రీకుల గుడి దేవత విగ్రహం ఉండటానికి కట్టింది. బలులన్నీ బయట, ఆరుబయట బలిపీఠం దగ్గరే. జనం నిలబడేది ఎండలో. ఆ స్తంభాల నీడ మామూలు మనుషులకి దక్కింది స్టోవాల్లోనే. వెనక ఒక గోడ, ముందు బారుగా స్తంభాలు, పైన పెంకుల కప్పు. ముందువైపు తలుపన్నదే లేదు. పని ఉన్నవాడూ లేనివాడూ ఎవడైనా వచ్చి నిలబడొచ్చు. మన వీధి అరుగుకి పాలరాతి స్తంభాలు పెట్టినట్టు అనుకో.

నాకు అన్నిటికన్నా నచ్చింది అట్టాలోస్ స్టోవా. పెర్గమోన్ (ఇప్పటి టర్కీలో ఉంది) రాజు రెండో అట్టాలోస్, కుర్రతనంలో తను చదువుకున్న ఊరికి క్రీ.పూ. 2వ శతాబ్దంలో కట్టించి ఇచ్చాడు. సుమారు 116 మీటర్ల పొడవు, రెండంతస్తులు, అంతస్తుకి 21 కొట్లు. బయటి వరసలో 45 డోరిక్ (సాదా తల ఉన్నవి) స్తంభాలుంటే లోపలి వరసలో 22 అయోనిక్ (తల దగ్గర చుట్టలు తిరిగినవి) స్తంభాలే. ముందు వరస మీద రాతి దూలాలు, వాటిని మరీ దూరంగా ఆనిస్తే విరుగుతాయి. లోపల కర్ర దూలాలు కాబట్టి ఎడం ఇవ్వొచ్చు, జనం తిరగడానికి చోటు మిగులుతుంది. ఇంకో తమాషా, బయటి స్తంభాల కింది భాగం నున్నగా ఉంటుంది, నిలువు గాడులు ఆ పైనుంచే మొదలు. అంత రద్దీలో గాడుల అంచులు పెచ్చులూడతాయని ముందే ఆలోచించారు. మేస్త్రీ బుర్ర అంటే అదీ!

క్రీ.శ. 267లో ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన హెరూలీ తెగవాళ్ళు దాన్ని తగలబెట్టారు. ఇప్పుడు నువ్వు చూడబోయేది 1950ల్లో అమెరికన్ పురావస్తు బృందం తిరిగి కట్టింది. అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బు పెట్టాడు, 1956లో తెరిచారు. కొత్తది కాబట్టి నకిలీ అని మూతి విరిచేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. శిథిలాల్లో పునాదిరాళ్ళు మాత్రమే చూస్తే స్టోవా ఎందుకు కట్టారో ఎలా తెలుస్తుంది? మధ్యాహ్నం పూట అగోరా అంతా తిరిగి, చెమటలు కక్కుతూ అందులోకి అడుగుపెట్టు, నీకే తెలుస్తుంది. పనికొచ్చే భవనమే మరి. 2003 ఏప్రిల్ 16న పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరే ఒప్పందం మీద సంతకాలు పెట్టింది ఇక్కడే.

రైలు పట్టాలకి అవతల రాజ స్టోవా పునాదులుంటాయి. 18 మీటర్లే, చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ క్రీ.పూ. 399లో దేవుళ్ళని నమ్మడన్న అభియోగం మీద సోక్రటీస్ తొలి విచారణకి వచ్చింది ఇక్కడ కూర్చుని మతం కేసులు చూసే, 'రాజు' అని పిలిచే అధికారి దగ్గరికే. చట్టాలు చెక్కిన రాళ్ళు కూడా ఇక్కడే నిలబెట్టారు, అందరూ చదువుకోవాలని.

ఆ దగ్గర్లోనే చిత్రాల స్టోవా. మారథాన్ యుద్ధం బొమ్మ గోడ మీద ఉండేది. కత్తులు మింగేవాళ్ళ దగ్గర్నించి తత్వవేత్తల దాకా అందరూ అక్కడే పోగయ్యేవారు. తత్వవేత్త జీనో అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పిందీ అక్కడే, ఆయన శిష్యులకి స్టోయిక్కులన్న పేరు అలా వచ్చిందే. క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర లొంగిపోయిన స్పార్టన్ల డాళ్ళు కూడా అందులో వేలాడదీశారు. ఆ యుద్ధంలో దక్కిన డాలు ఒకటి అట్టాలోస్ స్టోవా మ్యూజియంలో ఉంది. నలిగి, చిలుము పట్టి చూడ్డానికి ఏమీ ఉండదు. దగ్గరికెళ్ళి చూడు, ఏథెన్స్ వాళ్ళు ఎవరి దగ్గర, ఎక్కడ గుంజుకున్నారో అక్షరాలు పొడిచి మరీ రాసుకున్నారు.

అంచేత అగోరాకి కనీసం మూడు గంటలు. కొండ పొద్దున్నే ఎక్కెయ్, ఎండ ముదిరేసరికి కింద ఉండు. మార్చిన ప్లాన్ నాకు పంపు.

నీ
కిశోర్