పెద్ద మామయ్య ఏట్లోకి దిగాడు

ఒంగోలు,
శనివారం రాత్రి

బావా,

ఇంత ఆలస్యం చేసినందుకు ఏమనుకోకురా. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక పని వచ్చి పడింది. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. చిన్నదానికి ఇంటర్‌లో సీటు వచ్చింది. మీ నాన్నగారి పొలం కౌలు సంగతి కుదిరేట్టే ఉంది, ఫోన్‌లో చెప్తా. మీ తమ్ముడు తెల్లారుజామునే కువైట్ ఫ్లైట్‌కి బయలుదేరుతున్నాడు, వాడి సంచిలో పెట్టాలని గబగబా రాస్తున్నా. అసలు సంగతి ఇవేవీ కాదు.

పెద్ద మామయ్య బాప్తిస్మం తీసుకున్నాడు!

అవును, మన పెద్ద మామయ్యే. చర్చిలో ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చుని, ప్రభు బల్ల (బాప్తిస్మం పొందినవాళ్ళు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) మొదలవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయే మామయ్య. నీలం సైకిల్ రోజుల్నించీ మనం చూస్తూనే ఉన్నాం కదా. వాక్యం ఆయనకి వచ్చినంత మన సండే స్కూల్ టీచర్లకి కూడా రాదు. ప్రార్థన చేస్తే పక్కవాళ్ళ కళ్ళు తడుస్తాయి. బాప్తిస్మం మాట ఎత్తితే మాత్రం "చూద్దాంలే" అనేవాడు.

ఎందుకనేవాడో మనిద్దరికీ తెలుసు, పేటలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మన క్రైస్తవుల్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ పోయి బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. ఇల్లు అదే పేటలో ఉంటుంది, కులం పేరు పెట్టి పిలిచే నోళ్ళూ అవే ఉంటాయి, కాగితం ఒక్కటే మారిపోతుంది. మామయ్యకి ముగ్గురు పిల్లలు, ఒక్క జీతం. ఆ భయంతో ఆగిపోయాడు. ఇది రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది, ఆయన మీద కాదు. సరే, అది ఇంకో ఉత్తరానికి.

రిటైరయ్యాడు, గుండెకి స్టెంట్ వేశారు, పోయిన నెలలో తనంతట తనే పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి అడిగాడట. ముందు రోజు సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. అక్కడ జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పాట అయింది, ప్రార్థన అయింది, టీలు ఇస్తున్నారు. మన మైక్ బాబాయి ఉన్నాడుగా (ఇప్పుడు పూర్తిగా క్రీస్తు సంఘం మనిషి, బాప్తిస్మం లేనిదే రక్షణ లేదంటారు వాళ్ళు), గ్లాసు పక్కన పెట్టి అడిగాడు: "అన్నా, అంటే ఇన్నాళ్ళూ నీకు రక్షణ లేనట్టేగా, పోయుంటే పరలోకం లేనట్టేగా?"

ఎవరూ మాట్లాడలేదు. బాబాయికి చెడ్డ మనసు లేదురా, ఆయన నిజంగా భయపడుతున్నాడు. అపొస్తలుల కార్యములు 2:38 తీశాడు, బాప్తిస్మం పాపక్షమాపణ కోసమే అని. మార్కు చదివాడు, "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును." పాస్టర్ గారు అదే వచనం రెండో సగం చదివించారు. శిక్ష "నమ్మని వానికి" అనే ఉంది, బాప్తిస్మం పొందనివాడికి అని లేదు. ఆ తర్వాత సిలువ మీద దొంగ సంగతి ఎత్తారు. వాడు ఏ నీళ్ళలో మునిగాడు, ఏ మంచి పని చేశాడు, అయినా "నేడు" అన్నాడుగా ప్రభువు! బాబాయి తగ్గలేదు. దొంగ చచ్చిపోయింది ప్రభువు బాప్తిస్మం ఇమ్మని ఆజ్ఞాపించకముందు అన్నాడు. ఇద్దరి చేతుల్లోనూ బైబిళ్ళు, ఇద్దరివీ వాక్యాలే.

అప్పుడు అత్త అందుకుంది. అత్తది గుంటూరు, లూథరన్ సంఘం, 1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటినుంచీ వాళ్ళ వంశం అదే. "నాకు నెలల పిల్లప్పుడు ఇచ్చారు బాప్తిస్మం. నేనేం నమ్మాను, నేనేం లోబడ్డాను? చేసిందంతా ఆయనే" అంది. మా బాప్టిస్టు పాస్టర్ గారికి ఆ మాట సగమే నచ్చింది. చేసిందంతా ఆయనే అన్నప్పుడు ఆమేన్ అన్నారు, నెలల పిల్ల దగ్గర ఆగిపోయారు (మాలో నమ్మే వయసొచ్చాకే కదా బాప్తిస్మం).

ఇంతవరకూ బాగానే ఉంది. మామయ్య చిన్న తమ్ముడి కొడుకు, పెంతెకొస్తు సంఘానికి వెళ్ళేవాడు, మత్తయి 10:33 చదివాడు, మనుషుల ఎదుట నన్ను ఎరుగననేవాణ్ణి నేనూ తండ్రి ఎదుట ఎరుగనంటాను అనే వాక్యం. చదివి ఊరుకున్నాడు. మామయ్య తల వంచుకున్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఉండబట్టలేక నేనే లేచి మన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి చెప్పాను. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని కరువు పని జరిగిన నెలలన్నీ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడుగుతూనే ఉన్నారు. చివరికి 1878 జూలై 3న మన గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆపిన ఆ నెలల్లో కరువుకి చచ్చిపోయినవాళ్ళలో నమ్మినవాళ్ళు లేరా? వాళ్ళకి రక్షణ లేదని మా తాతల మొహం చూసి ఎవరైనా అనగలరా?

బాబాయి దీనికి జవాబు చెప్పలేదు. మామయ్య చెప్పాడు. "అది వేరురా అబ్బాయ్. వాళ్ళని దొర ఆపాడు. నన్ను నేనే ఆపుకున్నాను."

బావా, ఆ తర్వాత ఆయన మాట్లాడింది నీకు ఉన్నదున్నట్టు రాయాలని ఉంది, ఎంత వస్తుందో చూద్దాం.

ఆదికాండం తీశాడు, 15వ అధ్యాయం. "అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను." ఈ ఒక్క వచనాన్నే రోమా 4లో పౌలు పట్టుకున్నాడు, క్రియలు లేకుండానే అబ్రాహాముని నీతిమంతుడిగా ఎంచాడని చెప్పడానికి. ఇదే వచనాన్ని తన పత్రికలో యాకోబు కూడా పట్టుకున్నాడు, విశ్వాసం మాత్రమే చాలదని చెప్పడానికి. కాకపోతే యాకోబు 22వ అధ్యాయం పక్కన పెట్టి చదివాడు, ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టినప్పుడు ఆ లేఖనం నెరవేరిందన్నాడు. ఇంతవరకూ మనం విన్నదే కదా. లూథర్ 1522లో యాకోబు పత్రికని గడ్డితో పోల్చింది ఈ చిక్కు మీదే అని మనకి చెప్పారు కూడా. మామయ్య అడిగింది ఏంటంటే, 15కీ 22కీ మధ్య ఏముంది అని.

లెక్క చూడు. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకి 86, అంటే 15వ అధ్యాయం అంతకు ముందే. ఇస్సాకు పుట్టినప్పుడు 100. 22లో ఆ పిల్లాడు కట్టెలు మోసేంత వాడయ్యాడు. ఎంత తక్కువ చూసినా పదిహేనేళ్ళ పైమాటే. ఆ మధ్యలో 20వ అధ్యాయం ఉంది. గెరారులో తనని చంపేస్తారని భయపడి సొంత భార్యని చెల్లెలన్నాడు అబ్రాహాము. నీతిమంతుడిగా ఎంచబడ్డాక!

"నాకు బతుకంతా ఆ ఇరవయ్యో అధ్యాయమే అయింది" అన్నాడు మామయ్య. "15లో రాసింది దేవుడు 20లో కొట్టెయ్యలేదు. అలాగని వాణ్ణి గెరారులోనే వదిలెయ్యలేదు. 22కి పిలిచాడు."

బాబాయి మెల్లగా అడిగాడు, 22 రాకుండానే నువ్వు పోయుంటే ఏమయ్యేది అన్నా అని. మామయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఆయన దయగలవాడు. నాకు తెలిసింది అంతే. ఇప్పుడు పిలుస్తున్నాడు, ఇంకా చూద్దాంలే అంటే మాత్రం నేను నమ్మానని ఏ మొహంతో చెప్పను?"

బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. నువ్వు అడిగావుగా, నమ్మితే చాలు అంటే ఇక మారాల్సిన పనేంటి, మారితేనే అంటే సిలువ ఎందుకు అని. అక్కడ మీ రూమ్‌లో కాథలిక్ మలయాళీలతో వాదన పడుతున్నానన్నావు. వాళ్ళకి ఒక మాట చెప్పు, 1999 అక్టోబర్ 31న ఔగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ ఇదే విషయం మీద ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, మన మంచి పనులు చూసి కాదు, కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని. తేడాలన్నీ పోలేదు, ఆ ఒక్కటీ కలిసి చెప్పగలిగారు. నాకైతే, విధేయతని రక్షణకి కట్టే ఫీజులా చెప్పేవాళ్ళంటే దిగులు. సభలో చెయ్యి ఎత్తించి, రక్షణ అయిపోయింది వెళ్ళండి అనేవాళ్ళంటే ఇంకా దిగులు. ఎఫెసీ 2:8, 9 క్యాలెండర్ల మీద వేస్తారు. పదో వచనం ఎందుకు వెయ్యరు? మంచి పనుల కోసమే మనల్ని సృష్టించాడని ఉన్నది అందులోనేగా? కృపతో మొదలుపెట్టినవాడే నడిపిస్తాడు, నడవనని మొండికేస్తే... దీని గురించి ఇంకా చాలా ఆలోచించాలి, నువ్వూ రాయి.

మర్నాడు ఆదివారం పొద్దున ఏట్లో నీళ్ళు బాగానే ఉన్నాయి. డాక్టర్ సరేనన్నాడు గానీ అత్తకి ఒకటే టెన్షన్. పాస్టర్ గారూ, ఒక సంఘపెద్దా చెరో పక్కా పట్టుకున్నారు. మునిగి లేచి గట్టిగా స్తోత్రం అన్నాడు, గట్టు మీదున్న గేదెలు కూడా తిరిగి చూశాయి. నువ్వుంటే నవ్వాపుకోలేక నన్ను గిల్లేవాడివి. ఆ రోజు ప్రభు బల్లప్పుడు మామయ్య లేవలేదు. రొట్టె పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు వణికాయి, అత్త పట్టుకుంది.

ఒకటి మాత్రం బాగాలేదు. వాళ్ళ పెద్దోడు రాలేదు. వాడి ఉద్యోగం కూడా ఆ కాగితం మీదే. నాన్న బాప్తిస్మం ఎవరైనా ఫోటో తీసి పెడితే తనకి ఇబ్బంది అవుతుందని ఫోన్‌లో గట్టిగానే అన్నాడట, రోజూ చేసే ఫోన్ మానేశాడు. మామయ్య వాణ్ణి ఒక్క మాట అనలేదు, అననివ్వడు. నువ్వంటే వాడికి గౌరవం, ఒకసారి ఫోన్ చెయ్యి. బాప్తిస్మం సంగతి ఎత్తకు, ఊరికే బాగోగులు అడిగి, తర్వాత మెల్లగా

మీ తమ్ముడు వచ్చేశాడు, కింద హారన్ కొడుతున్నాడు. గోంగూర పచ్చడి సీసా బట్టల మధ్యలో పెట్టమన్నాను. మామయ్య పెద్దోడికి ఫోన్ చెయ్యడం మర్చిపోకు.

నీ
బావ